బురద భూతానికి జోడు వలయం

కసుయా ఫుమికొ చెప్పిన జోస్యం ఫలించదు. ఒసాకాలో టిక్కెట్టు కొని కుస్తీ చూసే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు, ఫుమికొకీ తెలుసు. ఆవిడ పనిచేసే కుస్తీ వారపత్రిక బుధవారం వస్తుంది. అందులో నడిమి రెండు పేజీలు ఆవిడవి. శని, ఆదివారాల్లో ఏ ఊళ్ళో ఏ పోటీ, ఎవరు ఎవరి మీద పగబట్టారు, ఎవరి నడుం పట్టేసింది, అన్నీ పూసగుచ్చినట్టు రాసి, గుర్రప్పందేల పత్రికల్లో వేసినట్టు గెలిచేవాడి పేరు పక్కన జోడు వలయం వేస్తుంది. ఆ వలయం పడ్డవాడు ఆదివారం సాయంత్రానికి గోదాలో వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తుంటాడు. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఇదే వరస. కొత్తగా వచ్చిన సంపాదకుడు హొరిబె ఆ పేజీలు తీసేద్దామన్నాడు. పాఠకులు ఊరుకోలేదు. "బుధవారం నవ్వుకోవడానికి ఇంకేం మిగిలింది మాకు?" అని ఫోన్లు చేసి దులిపేశారు.

అసలు ఆవిడ లెక్కలు వేసి రాస్తే కదా! ఎవరు గెలిస్తే తన ప్రాణం చల్లబడుతుందో ఆలోచించి, వాడే గెలుస్తాడని రాసి పారేస్తుంది. ఆ ప్రాణం ఎక్కువసార్లు చల్లబడేది బురద భూతం హిరుకావా వల్ల. వాడు విలన్. మొహానికి బురద రంగు పూసుకుని, క్యాబేజీ అట్లు తిరగేసే ఇనప అట్లకాడ పట్టుకుని గోదాలోకి దిగుతాడు, దాంతో అందగాళ్ళ వీపులు వాయిస్తాడు, జనం చేత బండబూతులు తింటాడు, ఆఖరికి ఓడిపోతాడు. గెలిచాడని రిఫరీ వాడి చెయ్యి పైకెత్తగా ఎవరూ చూడలేదు. కానీ వాడు పడితే చూడాలి! ఎదుటి కుర్రాడు నిన్న మొన్న నేర్చుకున్నవాడైనా సరే, వీడు పడే తీరుకి మహా వీరుడైపోతాడు. ఫుమికొ ఆ పడటానికి ముగ్ధురాలైపోయి ప్రతిసారీ వాడికే వలయం వేసేది.

మార్చి నెలాఖరు సోమవారం పొద్దున ఆవిడ తెంగాచాయా స్టేషన్ పక్క కాఫీ కొట్లో కూర్చుని, మందపాటి టోస్టు, ఉడకబెట్టిన గుడ్డు ముందు పెట్టుకుని ఆ వారం జోస్యం మొదలుపెట్టింది. అది మామూలు వారం కాదు. నిషికాజె కుస్తీ సంస్థ ముప్పయ్యో వార్షికోత్సవం. శనివారం మధ్యాహ్నం సకాయ్‌లో జోడీల పోటీ, సాయంత్రం అమగసాకిలో ఆడవాళ్ళ పోటీ, ఆదివారం ఒసాకాలో చాంపియన్ బెల్టు పోటీ. వెన్నెల యువరాజని ఆడపిల్లలు పిలుచుకునే చాంపియన్ షినొమియా మీద బురద భూతం. హిరుకావాకి అదే ఆఖరి కుస్తీ. మోకాళ్ళు అరిగిపోయి మానేస్తున్నాడు. ఫుమికొ వాడి పేరు పక్కన కలం పెట్టబోయేసరికి వెనకాల కుర్చీ కిర్రుమంది.

"అక్కా, వెనక్కి తిరక్కు."

తిరక్కుండా ఎలా ఉంటుంది? తిరిగింది. మూతికి జలుబు మాస్కు, కళ్ళ మీదికి టోపీ, ముందు తెరిచిన పేపరు. నూట ముప్పై కిలోల మనిషి పేపరు వెనక దాక్కుంటే పేపరే దాక్కున్నట్టుంది.

"హిరుకావా! నీకేమైనా మతిపోయిందా? విలేకరితో కూర్చుని కాఫీ తాగే విలన్‌ని ఎవరైనా తిడతారా? ఎవరి కంటైనా పడితే?"

"పడను. వేషంలో ఉన్నా."

కొట్టు అవ్వ కప్పు తెచ్చి వాడి ముందు పెట్టింది. "నీకు చక్కెర మూడు చెంచాలే కదా హిరుకావా? మోకాళ్ళెలా ఉన్నాయి నాయనా?"

"నేను హిరుకావాని కాను," అని గుర్రుమన్నాడు.

"సరేలే. మూడే వేశాను."

అవ్వ వెళ్ళాక వాడు పేపర్లోంచే గుసగుసలాడాడు. "అక్కా, ఆ వలయం ఉందే... ఈ వారం నాకు వేయకు."

"నీ మొహమాటం మండ! వేస్తాను. ఆఖరి పోటీ కదా, ఎర్ర సిరాతో ఇంతంత పెద్దది వేయిస్తా."

"అయ్యో, పెద్దది కూడానా!" అని అదిరిపడ్డాడు వాడు. "వద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు."

"ఎందుకట?"

అక్కడే ఉంది చిక్కు. ఎవరు గెలవాలో సంస్థ ప్రెసిడెంటు తకెబె ముందే తేలుస్తాడు. అది అందరికీ తెలుసు. చూసేవాళ్ళకి తెలుసు, రాసేవాళ్ళకి తెలుసు, హాలు తుడిచే ముసలాయనకీ తెలుసు. కానీ పైకి ఒక్కరూ అనరు. గోదాలో దెబ్బలు తినేవాడు ఇంట్లో పెళ్ళాంతో కూడా అనడు. ఆ మాట అన్నవాడికి ఆ వృత్తిలో మళ్ళీ ఎవరూ ఎదురుపడి నమస్కారం కూడా పెట్టరు.

"ఒక వంటాయన ఉన్నాడనుకో," అన్నాడు హిరుకావా చివరికి.

"ఏ వంటాయన?"

"ఎవడో ఒకడు. మధ్యలో అడ్డురాకు. ఆదివారం ఏం వండాలో ముందే అనుకుంటాడు. చేప అనుకున్నాడనుకో. బుధవారం నాడు పక్కింటావిడ వీధిలో నిలబడి, 'ఈ ఆదివారం చేపేనర్రా, చేపే!' అని కేకలేస్తుంది. వంటాయనకి పౌరుషం. నా వంట ఇంకొకళ్ళు కనిపెట్టడమా అని చేప అవతల పారేసి కోడి వండుతాడు."

"వాడెవడో తిక్కవాడిలా ఉన్నాడే."

"తిక్కవాడే. ఆ పక్కింటావిడకేమో చేపంటే ప్రాణం. ప్రతివారం చేపనే అరుస్తుంది. ఆ చేప ఇరవై ఏళ్ళుగా వంటింటి గడప దాటి ఎరగదు."

"పాపం చేప," అంది ఫుమికొ. అని టోస్టు కొరకబోయి, నోటి దాకా వచ్చినదాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. "హిరుకావా. ఆ పక్కింటావిడ..."

"నేనేం అనలేదు."

"ఆ చేప?"

"చేపని నేనే అక్కా," అన్నాడు వాడు. అంత లావు మనిషి గొంతు పిల్లవాడి గొంతులా వినిపించింది.

ఫుమికొ కలం పక్కన పెట్టేసింది. కోబెలో వానలో తడుస్తూ జరిగిన పోటీ గుర్తొచ్చింది. దానికి ఆవిడ వలయం వేసింది. "కోబె కూడానా?" అంది. "నేనేం అనలేదు," అన్నాడు. నారాలో జోడీ బెల్టు పోటీ. దానికీ వేసింది. "నారా?" "కాఫీ చల్లారిపోతోందక్కా." వాడి మీది ఇష్టంతో ఆవిడ గీసిన ప్రతి గీతా వాడి మెడకి ఉరితాడైందన్నమాట. ఏడుపొచ్చేసింది ఆవిడకి, ముక్కు చీదుకోవడానికి కాగితం రుమాలు కూడా దొరకలేదు.

"ఈ ఆదివారం వంటాయన ఏం వండుతున్నాడు?" అని అడిగింది.

"బెల్టుకి కొత్త బెజ్జాలు కొట్టించాడట. షినొమియాది కందిరీగ నడుం, దానికి కొత్త బెజ్జాలెందుకు? అవి నా కొలత." వాడు పేపరు కిందికి దించాడు. "అక్కా, నాకు డబ్బూ వద్దు, పేరూ వద్దు. రిఫరీ నా చెయ్యి పట్టుకుని పైకెత్తితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది. అంతే. మళ్ళీ ఆదివారం లేదు నాకు."

"యువరాజుకి వేసేస్తాను, ఫో," అంది ఫుమికొ.

"ఇన్నాళ్ళూ నాకు వేసి, ఉన్నట్టుండి వాడికి వేస్తే తకెబె ఊరుకుంటాడా? ఎక్కడో పొక్కిందని పసిగడతాడు. మనిద్దరికీ చెడాలి. అందరి ముందూ చెడాలి. మధ్యాహ్నం విలేకరుల సమావేశంలో నన్ను గట్టిగా ఒక మాటను. మిగతాది నేను చూసుకుంటా."

"నాకు నాటకాలు రావు."

"నాకొచ్చుగా," అన్నాడు హిరుకావా, కాఫీ గటగటా తాగేసి.

విలేకరుల సమావేశమంటే తెల్లబట్ట పరిచిన పొడుగు బల్ల, మధ్యలో బెల్టు, బెల్టుకి అటూ ఇటూ యోధులు. విలన్ వస్తున్నాడంటే ఒసాకా విలేకరులు టీ కప్పులు బల్ల మీద పెట్టరు, ఒళ్ళో పెట్టుకుంటారు. బల్ల తిరగబడటం ఖాయం కనక. ఆ రోజు షినొమియా పాలరంగు సూటులో బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. తకెబె మధ్యలో ఉన్నాడు, కుస్తీల్లో నలిగి ముడుచుకుపోయిన చెవులు, ఎర్ర టై. హిరుకావా మొహం నిండా బురద రంగుతో, చంకలో అట్లకాడతో ఆలస్యంగా వచ్చాడు.

ఫుమికొ లేచింది. "హిరుకావా గారూ! మీ మోకాళ్ళు ఆదివారం దాకా ఆగుతాయా, లేక గోదా మెట్ల దగ్గరే కూలబడతారా?"

విలేకరులు ఒళ్ళో కప్పులు గట్టిగా పట్టుకున్నారు. ఫుమికొ హిరుకావాని ఒక్క మాటనడం ఎవరూ ఎరగరు. వాడు గావుకేక పెట్టి, బల్ల తన్నేసి, ఆవిడ మీదికొచ్చి చేతిసంచీ పట్టుకున్నాడు. పట్టుకుని, గోదాలో ఎదుటివాడి చెవిలో ఊదినట్టే ఊదాడు: "మూడనగానే వదిలెయ్ అక్కా. ఒకటి, రెండు, మూడు."

ఫుమికొ వదల్లేదు. భయానికి వేళ్ళు బిగుసుకుపోయాయి. వాడు లాగాడు, సంచీతో పాటు ఆవిడా, ఆవిడతో పాటు కుర్చీ కూడా వచ్చాయి. "వదులు, వదులు, అమ్మా తల్లీ వదులు," అని వాడు పళ్ళ సందునుంచి బతిమాలుతుంటే, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కసారిగా వదిలేసింది. భూతం వెనక్కి వెనక్కి వెళ్ళి యువరాజు ఒళ్ళో కూలబడింది. పాలరంగు సూటు బురదైపోయింది. సంచీలోంచి నొప్పుల పట్టీలు, మడత గొడుగు, పొద్దున తినకుండా దాచుకున్న ఉడకబెట్టిన గుడ్డు బయటపడ్డాయి. గుడ్డు దొర్లుకుంటూ పోయి తకెబె బూటు దగ్గర ఆగింది.

ఇంకొకడైతే పరువు పోయిందని ఏడ్చేవాడు. హిరుకావా లేచి వెళ్ళి, ప్రెసిడెంటు బూటు పక్కన నిలబడి, ఆ గుడ్డుని కాలితో పచ్చడి చేశాడు. "ఈ ముసలమ్మ నాకు జోస్యం చెప్పేదా! దీని రాతల్లో ఒక్కటైనా నిజమైందా? చేప చుట్టుకోవడానికి కూడా పనికిరాని కాగితం!"

అది నాటకమని ఆవిడకి తెలుసు. తెలిసినా ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది, ఎందుకంటే అది నిజం కదా. ఫుమికొ అందరి ముందూ భోరుమంది. పక్క పత్రికలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తకెబె మాత్రం కళ్ళు చిన్నవి చేసి చూసి, తన రుమాలు తెచ్చిచ్చాడు.

"మావాడి మీద కోపంగా ఉన్నట్టున్నారు ఫుమికొ గారూ?"

"చచ్చేంత."

"అయితే ఈ వారం జోడు వలయం ఎవరికో?"

"బుధవారం కొనుక్కుని చదవండి," అందావిడ, ఆయన రుమాల్లోనే చీదేసి.

తిట్టడం ఇంత కష్టమని ఆ సాయంత్రం దాకా ఆవిడకి తెలియదు. 'హిరుకావా మోకాళ్ళు అరిగిపోయాయి' అని మొదలుపెట్టింది. అక్కడితో ఆగవచ్చుగా? చెయ్యి ఆగలేదు. 'అవి ఎందుకు అరిగాయంటే, ఎదుటి కుర్రాడికి దెబ్బ తగలకుండా ప్రతిసారీ తన మోకాళ్ళని ముందు నేలకి వేస్తాడు కనక' అని రాసేసింది. సంపాదకుడు హొరిబె వెనక నిలబడి చదివాడు.

"ఫుమికొ గారూ, ఇది తిట్టా, సన్మానపత్రమా?"

"తిట్టే. ఇంకా రుచి రాలేదు."

చింపింది, రాసింది, మళ్ళీ చింపింది. ఆఖరికి పళ్ళు బిగబట్టి, 'హిరుకావా పని అయిపోయింది. అట్లకాడ తిప్పడం తప్ప అతనికేమీ రాదు. ఆదివారం యువరాజు గెలుస్తాడు, ఇందులో సందేహం లేదు' అని రాసి, షినొమియా పేరు పక్కన జోడు వలయం వేసింది. తన చేత్తో తానే వాడికి వెన్నుపోటు పొడిచినట్టు అనిపించింది.

బుధవారం పత్రిక వచ్చింది. తకెబె నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. గండం గడిచిందనుకుంది ఫుమికొ.

శనివారం సకాయ్‌లో జోడీల పోటీకి వెళ్తే, హాలు గుమ్మం దగ్గర ఆక్టోపస్ బజ్జీలు వేసే ఆవిడ పుల్ల ఊపుతూ పిలిచింది. "ఇటు రా అక్కా, నీ నోరు తీపి చేస్తాను! రేపు యువరాజు గెలుస్తాడని రాశావటగా?"

"రాశాను. ఏం?"

"ఏమంటావేంటి! ఇంకేం, భూతమే గెలుస్తాడు! మా వీధి వీధంతా రేపటికి టిక్కెట్లు కొన్నాం. మా మామగారైతే చక్రాల కుర్చీలో వస్తున్నాడు."

"అదెలా? నేను రాసింది యువరాజని కదా?"

"నువ్వు రాసింది ఎప్పుడు జరిగింది గనక? మేం దాన్ని తిరగేసి చదువుకుంటాం. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఒక్కసారీ గురి తప్పలేదు. ఇదిగో, వేడిగా ఉన్నాయి, ఊదుకుని తిను."

ఆ మాటకి వరసలో నిలబడ్డ టాక్సీ డ్రైవరు తలూపాడు, వాడి వెనక ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు తలూపారు. ఫుమికొకి బజ్జీ గొంతులో అడ్డం పడింది. జోస్యం తప్పుతుందని తెలిసిన ఊరు, దాన్ని తలకిందులుగా చదువుకోదూ? ఈ మాత్రం తట్టలేదే ఇద్దరికీ! ఆవిడ రాతలో ఆరితేరిన మనిషి, వాడు పడటంలో వస్తాదు, బుర్ర దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ కలిపి కూడా ఒకటి లేదు. రేపు ఒసాకా ఒసాకా అంతా హిరుకావా గెలుస్తాడని ముందే తెలుసుకుని వస్తుంది. కనిపెడితే మార్చేసే తకెబె, ఊరంతా కనిపెడితే ఊరుకుంటాడా? హిరుకావాకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పోటీకి ముందు రోజు వాడు ఎవరి ఫోనూ ఎత్తడట, ఇంటికి చేస్తే పెళ్ళాం చెప్పింది. అమగసాకి ఆడవాళ్ళ పోటీలో ఏం జరిగిందో ఆవిడకి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. వలయం వేసిన పిల్ల ఓడిపోయిందని మాత్రం చుట్టుపక్కల నవ్వుల్ని బట్టి తెలిసింది.

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. నిషికాజె సంస్థ పోటీలకి ఖాళీ కుర్చీల మీద కోట్లు పెట్టుకోవడం అలవాటైన జనం, ఆ రోజు గోడల వెంబడి నిలబడ్డారు. ఫుమికొ విలేకరుల బల్ల దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. బెల్టు పోటీకి గంట ముందు తకెబె వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. మొహం పీక్కుపోయింది.

"చూశారా జనాన్ని?"

"మంచిదేగా ప్రెసిడెంటు గారూ."

"ఏం మంచిది, నా బొంద! టిక్కెట్లు చింపే అమ్మాయి దగ్గర్నుంచి అందరూ హిరుకావా గెలుస్తాడనే అంటున్నారు. ఎవరు చెప్పారయ్యా అంటే మీ పేజీ చూపిస్తున్నారు. అందులో యువరాజని ఉంది కదరా అంటే నా మొహం మీదే నవ్వుతున్నారు!" ఆయన గొంతు తగ్గించాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా తిరగేసి చదువుతున్నారు?"

"ఇరవై ఏళ్ళట. నాకూ నిన్ననే తెలిసింది."

"అంటే నేను మార్చిన ప్రతిసారీ..." అని ఆగిపోయాడు తకెబె. పైకి అనకూడని మాట నోరు జారింది. జన్మలో మొదటిసారి. ఇద్దరూ చెరోవైపు చూసి, ఒకరు అననట్టు, ఒకరు విననట్టు ఊరుకున్నారు. ఆయన ముడుచుకుపోయిన చెవి రుద్దుకుంటూ లేచాడు. "ఊరంతా కలిసి నన్ను వెర్రివాణ్ణి చేసింది. నేనేం తక్కువ తిన్నానా? ఇంకా గంట టైముంది. వీళ్ళలో ఒక్కడు ఊహించింది కూడా జరగనివ్వను."

ఫుమికొ ఆయన కోటు చెయ్యి పట్టేసుకుంది. ఎలా పట్టుకుందో ఆవిడకే తెలియదు.

"నది గట్టున చెర్రీ పూలు పూశాయి, చూశారా?"

"ఇప్పుడు పూల గోలేంటండీ?"

"ఏ ఊళ్ళో ఏ రోజు పూస్తాయో నెల ముందు నుంచీ టీవీలో మ్యాపు వేసి మరీ చెబుతున్నారు. ఒసాకాలో ఈ ఆదివారమే అన్నారు. పొద్దున వస్తూ చూశాను. చాప వేయడానికి జానెడు చోటు లేదు. 'మాకు ముందే తెలుసు' అని మూతి తిప్పుకుని ఒక్కడైనా ఇంటికి పోయాడా? ముందే తెలిసింది కనకే చలిలో వచ్చి కూర్చున్నారు వాళ్ళంతా. తకెబె గారూ, ఈ చెట్టు ఇరవై ఏళ్ళు పూయలేదు. నా వల్ల. ఇవాళ కూడా పూయకపోతే నేను మళ్ళీ కలం పట్టను. పట్టలేను."

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. తకెబె ఆవిడ వంకా, గోడల వెంబడి నిలబడ్డ జనం వంకా చూశాడు. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఒక ముసలాయన ఒళ్ళో కాగితపు అట్లకాడ పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు రాయడం మానేస్తే నేను దేన్ని చూసి మార్చాలి?" అని విసుక్కుని, చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు. ఔనని కాదు, కాదని కాదు. ఫుమికొకి ఏమీ అర్థం కాలేదు.

గంట మోగింది. యువరాజు వెండి జరీ దుప్పటితో వచ్చాడు, హిరుకావా బురదతో వచ్చాడు. జనం అలవాటు ప్రకారం భూతాన్ని తిట్టారు, కానీ ఆ తిట్లలో ముద్దు తప్ప ఏమీ లేదు. హిరుకావా ఎప్పటిలాగే పడ్డాడు. గాల్లోకి లేచి పడ్డాడు, నడుం మీద పడ్డాడు, యువరాజు ఒక్కసారి ముట్టుకుంటే మూడుసార్లు దొర్లాడు. భుజాలు నేలకి ఆనాక రిఫరీ మూడు లెక్కపెడితే ఓడినట్టే. ఒకటి, రెండు అన్న ప్రతిసారీ వాడి భుజం ఆఖరి క్షణంలో లేచింది. మోకాలు పట్టేసి ఒకసారి నిజంగానే లేవలేకపోయాడు. అది నాటకం కాదని ఆవిడ గుర్తుపట్టింది. యువరాజూ గుర్తుపట్టి, జుట్టు పట్టుకుని ఈడ్చినట్టే ఈడుస్తూ చంకలో చెయ్యేసి లేపాడు. బంగారం లాంటి పిల్లాడు. అప్పుడు తగిలింది అట్లకాడ ఆ పిల్లాడి వీపుకి, హాలంతా మోగేట్టు. యువరాజు కుప్పకూలాడు. భూతం పర్వతంలా వాడి మీద పడింది.

రిఫరీ చెయ్యి నేలకి కొట్టకముందే హాలు కొట్టింది. "ఒకటి!" అన్నారు అందరూ. "రెండు!" అందరికీ ముందే తెలుసు, అయినా ఆ రెండుకీ మూడుకీ మధ్య ఒక్కరూ రెప్ప వేయలేదు. "మూడు!" అనేసరికి పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. రిఫరీ హిరుకావా చెయ్యి పైకెత్తాడు. వాడు ఆ చేతిని తలెత్తి చూసుకున్నాడు, అది తనదేనా అన్నట్టు.

బెల్టు కొత్త బెజ్జానికి సరిగ్గా సరిపోయింది. వాడు మైకు లాక్కున్నాడు.

"ఏయ్ కసుయా ఫుమికొ! ఎక్కడ దాక్కున్నావే? లే!"

హాలంతా ఇటు తిరిగింది. ఆవిడ లేచి నిలబడింది.

"ఈ ముసలమ్మ బుధవారం ఏం రాసిందో చదివారా? నా పనైపోయిందట! అట్లకాడ తిప్పడం తప్ప నాకేం రాదట!" జనం పగలబడి నవ్వారు. హిరుకావా మైకు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇరవై ఏళ్ళు... ఇరవై ఏళ్ళుగా ప్రతి బుధవారం నేను గెలుస్తానని రాసింది ఈవిడొక్కతే. మా ఇంట్లో మా ఆవిడ కూడా ఆ మాట అనలేదు. పొద్దున్నే ఆ పేజీ చదువుకుని, ఓడిపోవడానికి బస్సెక్కేవాణ్ణి. అది చాలనిపించేది. ఈ బుధవారం అది కూడా లేకుండా చేశావు. ఎంత భయమేసిందో తెలుసా నీకు?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"తప్పు రాశాను!" అని అరిచింది ఫుమికొ, మైకు లేకుండానే. "ఇరవై ఏళ్ళూ తప్పే రాశాను! నన్ను క్షమించు హిరుకావా!" అని నడుం దాకా వంగింది.

విలన్‌కి వంగే అలవాటు లేదు. హిరుకావా జన్మలో ఎవరికీ గోదా మీంచి నమస్కారం పెట్టలేదు. ఆ రోజు మైకు కింద పెట్టి, బెల్టు పొట్టకి హత్తుకుని, ఆవిడకంటే కిందికి వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు. గౌరవం కొద్దీ అనుకుని జనం చప్పట్లు మొదలుపెట్టారు, కానీ మోకాళ్ళు బిగుసుకుపోయి లేవలేక అలా ఉన్నాడని రిఫరీకి తెలిసింది. ఆయనొక చంక, ఓడిపోయిన యువరాజొక చంక పట్టుకుని పైకి లేపారు. బురద అంతా కరిగి వాడి గడ్డం మీంచి కారుతోంది.

"విలన్ ఎక్కడైనా వంగుతాడట్రా, వెధవా!" అని తకెబె తెర వెనకనుంచి అరుస్తూనే ఎర్ర టైతో ముక్కు తుడుచుకున్నాడు.

ఫుమికొ కూర్చుని కాగితం ముందుకి లాక్కుంది. ఫలితం పత్రికకి పంపాలి. 'బురద భూతం హిరుకావా గెలిచాడు' అని రాసింది. ఆ గెలుపుని ఆవిడ లెక్కలేనన్ని సార్లు రాసింది, కానీ జరిగాక రాయడం ఇదే మొదటిసారి.